మందులంగడిలో దొరల ఉత్తరాలు

ముప్పై ఏళ్లు మదనపల్లెలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పినాను. దస్తూరి బాగలేదని ఎంతమందికి మార్కులు కోసినానో లెక్కలేదు. అట్లాంటిదాన్ని, రిటైరైన రెండో నెలలో ఒక ఇంగ్లీషు దొర రాసిన ఉత్తరం ముందర పెట్టుకుని, 'డియర్' తర్వాత ఒక్క మాట కూడా చదవలేక కూర్చున్నాను.

ఆ ఉత్తరాలు నాకు పుంగనూరులో దొరికినాయి. చెల్లెలి ఇంటి నుంచి వస్తా బస్టాండు దగ్గర పాత పేపర్ల అంగడి ముందు ఆగినాను. తుప్పు పట్టిన ట్రంకుపెట్టె ఒకటి మూత తీసి ఉంది. లోపల నాడాతో కట్టిన మందపాటి కాయితాలు. పై కాయితం అడుగున 'లెఫ్టినెంట్' అన్న మాట ఒక్కటి స్పష్టంగా కనిపించింది. అంతే, నా చెవుల్లో ఫిరంగులు మోగినాయి.

"ఈ కట్ట ఇస్తావా అప్పా?"

"విడిగా ఇయ్యనమ్మా. పెట్టెలో ఉండేదంతా ఎత్తుకోవాల. తూకానికే ఇస్తాను."

అట్ల ఆ దొరలతో పాటు పదో తరగతి గైడ్లు, ఎవరివో పెండ్లి పత్రికలు, ఒక జాతకం కూడా మా ఇంటికి చేరినాయి. మా ఆయన సంచి తీసి చూసి, "ఈ జాతకం ఎవరిది?" అన్నాడు.

"లెఫ్టినెంటుది అయ్యుంటుంది" అన్నాను. ఆ రోజు నుంచి నాకు పోస్టులో ఏది వచ్చినా ఆయన గేటు దగ్గర నుంచే "నీ దొర వచ్చినాడు" అని అరవడం మొదలుపెట్టినాడు.

భూతద్దం కొన్నాను. లాభం లేదు. ఆ కాలంలో కాయితం పొదుపు కోసం, పేజీ నిండినాక దాన్ని పక్కకు తిప్పి, రాసిన దాని మీదే అడ్డంగా మళ్లీ రాసేవాళ్లంట. ముగ్గు మీద ముగ్గేసినట్టు ఉండేది. వారం రోజులు కుస్తీ పట్టి వదిలేసినాను. ఒక ఉత్తరం మాత్రం బ్యాగులోనే ఉండిపోయింది.

ఒకరోజు మా ఆయన బీపీ మాత్రలకని బజారులో మందులంగడికి పోయినాను. అంగడి భాయ్ నలభై ఏళ్లుగా అక్కడే ఉండాడు. నా ముందు మనిషి ఇచ్చిన డాక్టరు చీటీ చూసినాను. సిరాలో పడిన చీమ బయటికొచ్చి నడిచిపోయినట్టుంది. భాయ్ దాన్ని ఒక్క చూపు చూసి చేయి వెనక్కి పెట్టి డబ్బా తీసిచ్చినాడు. నేను వెంటనే బ్యాగులో నుంచి ఉత్తరం తీసినాను.

"భాయ్, ఇది చదవగలవా?"

ఆయన కండ్లద్దాలు సర్దుకున్నాడు. నిలువు గీతలు ఒకసారి, అడ్డగీతలు ఒకసారి, తడుముకోకుండా చదివేసినాడు. ఆయన చదువుకున్నది ఇంటరు దాకే. మాట ఏందో ఆయన చెప్తాడు, అర్థం ఏందో నేను చెప్తాను. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు, గిరాకీ పలచబడినాక, నేను ఆ అంగడిలో స్టూలు మీద ఉండేదాన్ని.

ఒక్క ఉత్తరంలోనూ యుద్ధం లేదు. లెఫ్టినెంటు మూడు పేజీలు బూట్లు రాలేదని రాసినాడు. ఇంకొకాయన వంటవాడు సెలవు పెట్టినాడని ఏడ్చినాడు. ఒక కెప్టెనుకు మూడు రోజులుగా విరేచనాలు.

"అయ్యో పాపం, ఇప్పుడైతే రెండు మాత్రలతో నిలిచిపొయ్యేది కదమ్మా" అన్నాడు భాయ్, మనస్ఫూర్తిగా.

దగ్గుమందు కోసం నిలబడిన ఒకామె, "ఎవురికి భాయ్?" అని అడిగింది.

"ఒక కెప్టెనుకు."

"ఇప్పుడెట్లుండాడు?"

"పొయ్యి నూరేండ్ల పైన అయిందమ్మా."

ఆమె మందు తీసుకోకుండానే వెళ్లిపోయింది.

ఇంతలో కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఒకప్పటి నా విద్యార్థిని, ఇప్పుడు అక్కడ కోడలు. మేము దొరల ఉత్తరాలు చదువుతాండామని మదనపల్లెలో వాళ్లమ్మ చెప్పిందంట. వాళ్ల మామ గ్రానైటు వ్యాపారం చేస్తాడు. ఆ ఇంట్లో, మామగారి ముత్తాతకు ఒక మేజరు రాసిచ్చిన కాయితం, ఫ్రేము కట్టి హాల్లో పెట్టుకున్నారంట. అది యోగ్యతా పత్రమని నాలుగు తరాలుగా అందరి నమ్మకం, కానీ చదివినోళ్లు లేరు. కొత్త ఇంట్లో దిగబోతాండారు, కాబట్టి గృహప్రవేశం పత్రికలో ఆ మాటలు అచ్చేయించాలని మామ కోరిక. "చదివిపెడితే అసలు కాయితం మీకే ఇచ్చేస్తాడంట మేడమ్. ఆయనకు కలర్ జిరాక్సు చాలంట."

ఆదివారం అంగడి మూసి భాయ్ నాతో బస్సెక్కినాడు.

ఆ ఇంట్లో మా కోసం ఇరవై మంది దాకా చుట్టాలు కూర్చున్నారు. మామ పట్టు పంచె కట్టుకున్నాడు. ఆయన తల్లి, ఎనభై దాటిన అవ్వ, ముందు వరసలో కుర్చీ వేయించుకుంది. ఫ్రేము భాయ్ చేతికిచ్చినారు. ఆయన చీటీ చదివినట్టే ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే గట్టిగా చదువుకుంటా పోయినాడు. రెండో వాక్యానికి నాకు చెమట పట్టింది. నా విద్యార్థిని వైపు చూస్తే, ఆమె అప్పటికే నేల చూస్తాంది.

"ఏం రాసినాడు టీచరమ్మా?" అన్నాడు మామ.

"మీ ముత్తాత... మేజరుగారికి గుర్రం అమ్మినాడు. చాలా... మంచి గుర్రమని..."

"మేడమ్," అని భాయ్ ఆపినాడు, "బ్లైండ్ అంటే గుడ్డి కదా? కంటి చుక్కల మందు కాయితం మీద ఉంటాదే."

ఇంక తప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినాను. "ఈ కాయితం తెచ్చినవాడు నాకొక గుర్రం అమ్మినాడు. దానికి ఎడమ కన్ను గుడ్డిదని మూడో రోజు తెలిసింది. తిట్టడానికి పిలిపించినాను. నా తిట్లు అయ్యేలోపల వీని దగ్గర ఇంకొక గుర్రం కొన్నాను. అది కుంటిది. ఇది చదివే మిత్రులకు నా మనవి: వీనితో మాట్లాడవద్దు. మాట్లాడితే కొంటారు."

మామ ముఖం ఎర్రబడింది. అప్పుడు అవ్వ, "మూడు దినాలు దొరకు తెలీలేదా? వాని కండ్లు యాడ పెట్టుకున్న్యాడు?" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. భాయ్ మాత్రం ఫ్రేమును వెలుతురుకు పెట్టి చూస్తానే ఉండాడు. "వెనకపక్క గూడా సిరా ఉండాది. విప్పి సూడండప్పా."

మేకులు పీకినారు. కాయితం వెనక, వేరే చేతిరాతలో, మూడే మూడు వాక్యాలు. భాయ్ చదివినాడు, నేను చెప్పినాను: "వెనక రాసింది చదివినాను. అయినా కొన్నాను. నా గుర్రానికి దగ్గు."

అవ్వ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. మామ తొడ కొట్టుకుని, "సూసినారా, మా ముత్తాత ఇద్దరు దొరలను పడేసినాడు!" అని చుట్టాలందరినీ పేరుపేరునా పిలిచి మళ్లీ చెప్పించినాడు. భాయ్ మాత్రం, గుర్రం దగ్గుకు మా కాడ మందు లేదని సీరియస్‌గా వివరణ ఇచ్చినాడు.

అసలు కాయితం నాకు దక్కలేదు. "ఇంత గొప్పదని తెలిసినాక యెట్లిస్తాను టీచరమ్మా?" అన్నాడు మామ. కలర్ జిరాక్సు నా చేతిలో పెట్టి, ఒబ్బట్ల డబ్బా ఒకటి జతచేసినాడు.

బస్సులో వి.కోట దాకా నేను ఆ జిరాక్సునే చూస్తా కూర్చున్నాను. "బాధపడొద్దమ్మా, ఆ ఇంటి మర్యాద కాపాడాలని మీరు అట్ల చెప్పబోయినారు, నాకర్థమైంది" అన్నాడు భాయ్. అవునన్నాను. నిజానికి, వాళ్లకు కోపమొస్తే కాయితం ఇవ్వరని అబద్ధమాడబోయినాను. ఆయన అంత మంచిగా అనుకుంటాంటే ఆ సంగతి చెప్పలేక ఒబ్బట్టు ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టినాను.

గృహప్రవేశానికి నా తెలుగు అనువాదం, అసలు కాయితం పక్కనే వేలాడింది. ముందొక అద్దం, వెనకొక అద్దం పెట్టి, ఎవరు వచ్చినా తిప్పి చూపించేటట్టు ఫ్రేము చేయించినారు. మామ చెప్పేటప్పుడు గుర్రాలు మూడు కాస్తా ఐదైనాయంట. ఆయన తమ్ముడు పాత కార్లు అమ్ముతాడు. తన అంగడిలో పెట్టుకోవడానికి ఒక కాపీ కావాలని ఫోన్ చేసినాడు. మంచి కాయితం మీద, కుదురుగా రాసి పంపినాను.