మగ్గం మీద దుప్పటి

ధర్మవరంలో మా నాయన చీరకు కొత్త అంచు మొదలుపెట్టాడంటే మగ్గం మీదికి పాత దుప్పటి ఒకటి వస్తుంది. పక్కవాళ్లు మాటల్లో పెట్టి డిజైను ఎత్తుకుపోతారని భయం. కాఫీకి లేచినా కప్పే లేస్తాడు. చిన్నప్పుడు అది ఎత్తి చూసినందుకు నేనూ తిట్లు తిన్నాను.

తమ్ముడు మగ్గం జోలికి రాలేదు. హిందూపురంలో గది తీసుకుని కంప్యూటరు పని చేసుకునేవాడు. నెట్‌లో నడిచే క్రిప్టో సొమ్ము లెక్కలు అందరికీ కనబడతాయట; అందులో ఎవరు ఎవరికి పంపారో బయటివాళ్లకు తెలియకుండా చేసే ప్రోగ్రాం రాశాడు. నీ బ్యాంకు పుస్తకం వీధి గోడకు అతికిస్తే ఊరుకుంటావా అని నన్నడిగాడు. ఊరుకోనన్నాను. ఎవరైనా వాడుకోవచ్చని దాన్ని నెట్‌లో పెట్టాడు. ఎవరో దొంగలు కొట్టేసిన సొమ్మును అందులోంచి దాటించారు. వాళ్లు దొరకలేదు, వీడు దొరికాడు. దొంగల కోసమని తెలిసే రాశాడన్నది కేసు.

వాడి నడవడిక గురించి చెప్పడానికి మా లాయరు నాయనను సాక్షిగా పిలిపించాడు. అడిగినదానికే జవాబివ్వమని పెనుకొండ దాటేదాకా రైల్లో నూరిపోశాను. నాయన వింటే కదా. బోనెక్కగానే కొడుకును పొగడటం మొదలుపెట్టాడు.

“మావోడు పని జేసేటప్పుడు తలుపేసుకుంటాడు సార్. నా మాదిరే. నేనూ మగ్గానికి గుడ్డ కప్పుతా.”

ఎందుకు కప్పుతారని అవతలి లాయరు మెల్లగా అడిగాడు.

“ఎవురూ చూడగూడదని సార్.”

అవతలాయన ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు. నాయన నా వైపు చూసి నవ్వాడు.

శిక్ష పడింది. తీర్పులో కారణాలు చాలానే రాశారు గానీ నా కళ్లు ఒక్క పేరా దగ్గరే ఆగిపోయాయి. తలుపు మూసుకుని పనిచేసేవాడని, ఎవరూ చూడకూడదనే అలా చేసేవాడని స్వయంగా తండ్రే ఒప్పుకున్నాడట. డిజైను దాచుకోవడం తప్పెలా అవుతుందని పైకోర్టులో వాదిస్తానని లాయరు అప్పీలు వేశాడు. జైల్లో కలిసినప్పుడు తమ్ముడు అప్పీలు సంగతే ఎత్తలేదు.

“ఆ పేరా సంగతి నాయనకు చెప్పద్దక్కా. తట్టుకోలేడు.”

చెప్పలేదు. ఆ కాగితాలు నా బీరువాలో చీరల అడుగున పెట్టాను. నాయన మీద నాకు పట్టలేనంత కోపం. ఆయన్ను అనలేక ఆ రోజు బస్సు కండక్టరుతో గొడవపడ్డాను.

పోయిన వారం ధర్మవరం వెళ్లాను. మగ్గం మీద చీర సగంలో ఉంది. అప్పీలు ఎప్పుడు విచారణకు వస్తుందని నాయన అడిగాడు. తెలియదన్నాను.

“మళ్లా నన్ను పిలుస్తారేమో కనుక్కోమ్మా. ఆ పొద్దు బాగానే చెప్పినా గదా?”

“బాగా చెప్పినావు నాయనా.”

ఆయన తృప్తిగా లేచి, అలవాటు ప్రకారం మగ్గం మీద దుప్పటి కప్పి, నాకు మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లాడు. ఆయన తిరిగి వచ్చేలోగా నేను ఏడవడం అయిపోవాలి.