ఇద్దరికీ ఒక్క కర్ర

కుక్కల్ని ఎలా దాటాలో మాకు ఒక పద్ధతి ఉండేది. అశ్వారావుపేట వైపు మా ఊరు దాటగానే తారు రోడ్డు మీద ఒక కల్వర్టు వస్తుంది. చికెన్ షాపుల వాళ్ళు పేగులూ ఈకలూ అక్కడే పారబోస్తారు. అవి తిని తిని అక్కడి కుక్కలకు కోడి కాలికీ మనిషి కాలికీ తేడా తెలియకుండా పోయింది. రోజూ పొద్దున్నే కలిసి పరిగెత్తే మేమిద్దరం అక్కడికి రాగానే పరుగు ఆపేవాళ్ళం. నేను ముందుకు నడిచేదాన్ని. నాతో పరిగెత్తే ఆమె నా వీపుకు వీపు ఆనించి, తునికి కర్ర ఊపుతూ వెనక్కి నడిచేది. కల్వర్టు దాటాక మళ్ళీ పరుగు. బోరు షెడ్డు దగ్గర మలుపు తిరిగి, ఆయిల్‌పామ్ తోటల మధ్య మట్టి బాట పట్టి, ఊరి వెనక నుంచి ఇళ్ళు చేరేవాళ్ళం.

ఆమెది మా వీధే. నర్సరీలో మొక్కల కవర్లకు మట్టి నింపే పని. అడవి పక్క ఊళ్ళో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో చదివేటప్పుడు పరుగు పందేల్లో కప్పులు కొట్టిన మనిషి. నేను మాత్రం షుగర్ వచ్చి, దవాఖానాలో డాక్టరు చీవాట్లు పెడితే మొదలుపెట్టిన దాన్ని. ఆయాసపడుతూ, ఆ డాక్టర్ని తిట్టుకుంటూ పరిగెత్తేదాన్ని. ఆమె నవ్వేది. "నాకైతే ఉరికొస్తేనే అన్నం సయిస్తది అక్కా," అనేది.

ఆమె మొగుడికి మాత్రం అది సయించలేదు. అతను ఆయిల్‌పామ్ గెలలు కోసే పనికి పోతాడు. "ఆడదానివి, ప్యాంటేసుకొని రోడ్డు మీద ఉరుకుడేంది," అని ముందు నోటితో మొదలుపెట్టాడు. తర్వాత గెలలు కోసే కత్తితోనే ఆమె బూట్లను ముక్కలు చేసి వాకిట్లో పారేశాడు. ఆమె మర్నాడు వట్టికాళ్ళతో వచ్చింది. ఆ సాయంత్రం తోట నుంచి ఒక మట్ట తెచ్చాడు. ఆయిల్‌పామ్ మట్టకు రెండంచులా ముళ్ళుంటాయి. ఆమెను బోర్లా పడేసి, ఆమె మోకాళ్ళ మీద ఎక్కి కూర్చుని, అరికాళ్ళ మీద ఆ మట్టతో కొట్టాడు.

అరుపులు విని నేను వెళ్ళేసరికి అతను బండెక్కి పోయాడు. దీపం ముందు కూర్చుని పిన్నీసుతో ఒక్కో ముల్లూ తీశాను. నా ఒళ్ళో ఆమె కాళ్ళు, నా చీరంతా నెత్తురు. ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను, కోపంతో. పోలీస్ స్టేషన్‌కు పోదాం పదమన్నాను.

"పోయినా మళ్ల గీ ఇంటికే రావాలె గదక్కా," అంది.

ఆమె మంచం మీద ఉన్నన్ని రోజులూ నేను ఒక్కదాన్నే కర్ర పట్టుకుని పరిగెత్తాను. మానేస్తే వాడు గెలిచినట్టవుతుందని పంతం. కానీ భయం వేసేది, చెప్పుకోవడానికి సిగ్గేంటి. కల్వర్టు దగ్గర ముందుకు చూస్తే వెనక గుర్రుమనేది, వెనక్కి తిరిగితే ముందు. నా వీపు ఎంత పెద్దదో, ఎంత ఖాళీగా ఉందో అప్పుడు తెలిసింది.

దానికి తోడు అతను. పనికి పోతూ నా పక్కనే బండి నెమ్మది చేసేవాడు. "ఒక్కదానివే ఉరుకుతున్నవేందక్కా? నీ జోడి ఏది?" రోజూ అదే మాట, అదే పళ్ళికిలింపు. నేను పళ్ళు నూరుకుంటూ పోయేదాన్ని.

ఒక పొద్దున కల్వర్టు మీద బండి ఆపి నా కోసమే కాచుకుని ఉన్నాడు. నేను దగ్గరికి రాగానే ఈల వేసి, "ఉస్కో ఉస్కో" అని కుక్కల్ని నా మీదికి ఉసిగొల్పాడు. ముందు వచ్చిన దాన్ని మూతి మీద కొట్టాను. అది కుయ్యోమని దొర్లింది. ఇంకొకటి వెనక నుంచి పిక్క పట్టుకుని గుంజింది. దాని నడుం మీద, తల మీద, అది వదిలేదాకా కొట్టాను. అతను నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు మీదికే కర్ర లేపాను. మొదటి దెబ్బకు హెడ్‌లైటు పగిలింది. రెండోది అతని మణికట్టు మీద పడింది. మూడోది కొట్టడానికి అతను అక్కడ లేడు. పిక్క నుంచి నెత్తురు కారుతుంటే కుంటుకుంటూ దవాఖానాకు పోయి సూది వేయించుకున్నాను. చాలా రోజులకు ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఆ కోపం కూడా ఆమె మీదే తీర్చుకున్నాడు. "ఆమెతోని కనపడితే కాళ్లిరుస్త," అన్నాడట. కాళ్ళు మానాక ఆమె అతని ముందే నా పాత బూట్లు తొడుక్కుంది.

"ఆమెతోని ఉరకొద్దన్నవ్ గదా. ఒక్కదాన్నే ఉరుకుత."

కుక్కలకు జడిసి తనే మానుకుంటుందని ఊరుకున్నాడు. మేము ఊరుకోలేదు. నేను కర్ర పట్టుకుని రోడ్డు వైపు నుంచి బయల్దేరేదాన్ని. ఆమె మట్టి బాట వైపు నుంచి వచ్చేది. బోరు షెడ్డు దగ్గర ఎదురుపడగానే కర్ర ఆమె చేతిలో పెట్టేదాన్ని. అప్పటికి నేను కుక్కల్ని దాటేసి ఉంటాను, ఆమె ఇక దాటాలి. మర్నాడు కర్ర ఆమె ఇంట్లో ఉంటుంది కాబట్టి ఆమె రోడ్డు వైపు, నేను మట్టి బాట. ఆగి మాట్లాడుకునేవాళ్ళం కాదు. చూసినవాళ్ళెవరైనా ఇద్దరూ ఎవరికి వారు ఒంటరిగానే పరిగెత్తుతున్నారని చెప్పాలి.

ఒక రోజు కర్ర వంతు ఆమెది. నేను షెడ్డు దగ్గరికి వచ్చి చాలాసేపు ఎదురుచూశాను. చివరికి వచ్చింది. చేతిలో సగం కర్రే ఉంది.

"కుక్కల మీద ఇరిగిందా?" అన్నాను.

"కాదక్కా. ఆయనే కర్ర లేపిండు. మొదటి దెబ్బ నా వీపు మీద పడ్డది. గుంజుకున్న. మిగిలినయన్నీ ఆయన మీద పడ్డయ్." ఊపిరి తీసుకుని, "దవాఖానల కట్టు కట్టించుకుంటుండు. సాయంత్రం వస్తడు. రానీ," అంది.

నేను సగం కర్ర కోసం చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు. వచ్చిన దారినే వెనక్కి తిరిగి నా పక్కన పరుగు అందుకుంది.

"రేపటికి కొత్తది కోసుకరావాలె. కొంచెం లావుది," అంది.

కల్వర్టు దగ్గర కుక్కలు లేచాయి. నేను ముందుకు తిరిగాను, ఆమె వెనక్కి తిరిగి నా వీపుకు వీపు ఆనించింది. ఆనించగానే నొప్పికి పళ్ళ మధ్య గాలి పీల్చుకుంది. ఆ పూట మా వీపుల మధ్య జానెడు ఎడం ఉంచుకుని కల్వర్టు దాటాం.