తాండూరు బండల గనికి ఒంటరిగా పోయిన రోజు

వరుసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. గొర్రెలన్నీ అమ్ముకున్నాక అనంతగిరి కింద మా ఊళ్లో నాకు పనే లేకుండా పోయింది. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో సంగతి ఇది. వికారాబాదు అడ్డాలో నలుగురు కూలీలు కావాలంటే నలభై మందిమి ఎగబడేవాళ్లం. తాండూరు బండల గనుల్లో మనుషులు చాలడం లేదని విని పొద్దుటి ప్యాసింజరు ఎక్కాను. ఇంట్లో జొన్నలు రెండు రోజులకే ఉన్నాయి.

టికెట్టుకు రూపాయి దాకా అయింది, ప్రయాణం గంటన్నర. స్టేషను బయట గనికి ఖాళీగా తిరిగిపోయే ఎడ్లబండ్లుంటాయి, అడిగితే ఎక్కించుకుంటారు.

"నీ జోడి ఏడున్నడే?" అన్నాడు నన్నెక్కించుకున్న బండి తోలేటాయన.

"జోడేంది?"

"బండ ఒక్కనితోని లేస్తదా? మేస్త్రి జోడీలకే పనిస్తడు. ఒంటిగొచ్చినోన్ని ఎల్లగొడ్తడు."

గొర్రెల వెంట ఒక్కణ్ణే తిరిగినవాణ్ణి, ఈ సంగతి నాకెవరు చెప్తారు! ఖాళీ చేతులతో ఇంటికెలా పోవాలా అని దారంతా ఒకటే ఫికర్.

గనిలో చెట్టు నీడన ఒకతను పాదానికి గుడ్డ కట్టుకుని మూలుగుతున్నాడు. పొద్దున్నే పాదం మీద బండ పడిందట.

"నీ నసీబ్ మంచిగున్నది, ఆని జాగల పట్టు," అన్నాడు మేస్త్రి.

ఆ దెబ్బ తగిలినతని అన్న బసప్పే నాకు జోడీ. కన్నడ దిక్కు నుంచి వచ్చారు. మొదటి బండ ఎత్తేటప్పుడు పట్టు రెండుసార్లు సర్దుకున్నాను. నేను వదిలేస్తే అతని కాలూ పోతుంది.

"కాళ్లు ఎడంగ పెట్టు, జర పైలం," అన్నాడు బసప్ప. "మా దిక్కు గూడ పనుల్లెవ్వు. ఈడికొస్తెనే బువ్వ."

పొద్దు వాలాక తమ్ముడు లేవబోయి కూలబడ్డాడు. "రేపు నేనే బండ లేపుత అన్నా!" అని ఏడ్చాడు. బసప్ప అతని వైపు చూడలేక నన్నడిగాడు, "రేపొస్తవా?"

"వస్త," అన్నాను. అయ్యో, ఇంకేమనను!

మర్నాడు బండి మీద ఇంకొకతను ఒంటరిగా దిగాడు. మేస్త్రి పొమ్మన్నా పోలేదు. గట్టున కూర్చుని మా అందరి పాదాల వంకే చూస్తున్నాడు. ఆ పూటంతా బండ దించిన ప్రతిసారీ నా కాళ్ల వంక చూసుకున్నాను.

వికారాబాదులో ఎవరికీ అక్కరలేని చేతులకు తాండూరులో కూలి దొరికింది, నిజమే. కానీ నాలుగు దిక్కుల నుంచి జనం చేరేకొద్దీ ఆ కూలి రేటు పడిపోయింది, అడ్డా మీది భయం అక్కడికీ వచ్చేసింది. మీరూ పనికి బయలుదేరుతుంటే మీ ఊరి నుంచే ఒక జోడీని వెంటబెట్టుకోండి. ఒంటరిగా పోతే ఎవడో ఒకడు పడిపోయేదాకా గట్టు మీద కూర్చోవాలి.