ఈజీ అని రాసిన దారి

అమెరికాలో క్యారీ అనే ఊళ్లో ఉన్న రోజుల్లో మా బృందం ఎక్కడికి ట్రిప్ వేసినా, దానికి షీట్ తయారుచేసే పని నాదే. ఎవరు రైస్ కుక్కర్ తేవాలి, ఎవరు ఇడ్లీ పిండి ఐస్ బాక్సులో పెట్టుకు రావాలి, ఎవరి కార్‌లో పిల్లల సీట్లు పడతాయి, అన్నీ గడులు గీసి రాసేవాణ్ణి. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంకొకరు చేసిన పనిని పరీక్షించి ఎదురుగా ఉన్న గడిలో ‘పాస్’ అనో ‘ఫెయిల్’ అనో రాయడమే నా పని. అందుకే నా షీట్ అంటే అందరికీ గురి. ‘ఆయన రాశాడంటే మళ్లీ చూసుకోనక్కర్లేదు’ అని నా ముందే అనేవాళ్లు. నేను మొహమాటానికి కూడా కాదనేవాణ్ణి కాదు.

2009 వేసవిలో నాలుగు కుటుంబాలం కలిసి సముద్రం ఒడ్డున ఒక పెద్ద ఇల్లు నాలుగు రోజులకి అద్దెకు తీసుకున్నాం. క్యారీ నుంచి మూడు గంటల డ్రైవ్. ఆ ముందటి చలికాలంలోనే మా అందరికీ మౌంటెన్ బైకుల, అంటే కొండల్లో అడవుల్లో తొక్కే సైకిళ్ల, పిచ్చి పట్టింది. బీచ్‌లో ఎంతసేపని కూర్చుంటాం, దగ్గర్లో అడవిలో తొక్కడానికి దారులుంటే వెతికిపెట్టమని నాకు అప్పగించారు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు కూడా రాగలగాలి అన్నది ఒక్కటే షరతు.

ఆ కొత్తగా నేర్చుకున్న మనిషి మా స్నేహితుడి భార్య. కరీంనగర్ వైపు వాళ్లు. నన్ను ‘అన్నా’ అని పిలిచేది. డిపెండెంట్ వీసా మీద వచ్చి ఆరేళ్లయింది. ఉద్యోగం చేయడానికి వీల్లేదు, కారు నడపాలంటే భయం. కూరగాయలకి వెళ్లాలన్నా మొగుడి కోసం ఎదురు చూడాల్సిందే. అలాంటి మనిషి ముప్పై ఆరేళ్ల వయసులో, మా అపార్ట్‌మెంట్ల టెన్నిస్ కోర్టులో, మా ఆవిడ సీటు పట్టుకుని వెనకాల పరిగెడుతుంటే సైకిల్ నేర్చుకుంది. పడకుండా కోర్టు చుట్టూ తిరిగిన రోజు మా ఇంటికొచ్చి, ఇచ్చిన కాఫీ చల్లారిపోయేదాకా చెప్పిందే చెప్పింది. తర్వాత నీలం రంగు మౌంటెన్ బైక్ కొనుక్కుంది. ట్రిప్ సంగతి తెలియగానే నాకు ఫోన్ చేసింది.

“అన్నా, నేను తొక్కేటట్టు ఉంటేనే షీట్ల పెట్టున్రి. లేకుంటే నేను ఇంట్లనే ఉంట. అందరి ముందు పడితే మంచిగుండదు.”

“నేను స్వయంగా వెళ్లి తొక్కి చూసి రాస్తానమ్మా. సరేనా?” అన్నాను.

వెళ్లిన మాట నిజం. ట్రిప్‌కి రెండు వారాల ముందు ఒక శనివారం, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర పక్క సీట్లో పెట్టుకుని, సైకిల్ కారు వెనక తగిలించుకుని బయలుదేరాను. అక్కడికి చేరేసరికి కుంభవృష్టి. గంటన్నర కార్‌లోనే కూర్చున్నాను. పులిహోర మొత్తం తినేశాను. వాన తగ్గాక దిగితే దోమలు ముసురుకున్నాయి. వంద అడుగులు నడిచి, దారి మొదట్లో వెడల్పుగా, బల్లపరుపుగా ఉన్నచోట ఒక ఫొటో తీసుకుని వెనక్కి వచ్చేశాను. సైకిల్‌ని కారు మీంచి దించనే లేదు.

ఆరు గంటలు డ్రైవ్ చేసి ఏం సాధించావంటే చెప్పుకోవడానికి సిగ్గేసింది. సోమవారం ఆఫీస్‌లో లంచ్ టైమ్‌లో ఇంటర్నెట్‌లో వెతికాను. ‘కుడివైపు తిరిగితే దారి అద్భుతం’ అని ఎవరో రాశారు. సముద్రం పక్కన కొండలెక్కడివి, అంతా చదునే కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. షీట్‌లో ‘కుడివైపు తిరగాలి. ఈజీ. పిల్లలు కూడా తొక్కొచ్చు’ అని రాశాను. ‘టెస్ట్ చేసింది’ అన్న గడిలో నా పేరు రాసి, పక్కన ఫొటో అంటించాను. ఆఫీస్‌లో అయితే ఇలా చేసినవాణ్ణి నేనే నలుగురిలో నిలబెట్టి కడిగేసేవాణ్ణి.

ట్రిప్‌లో రెండో రోజు పొద్దున్నే ఆరుగురం వెళ్లాం. స్నేహితుడి భార్య చున్నీని నడుముకి బిగించి కట్టుకుంది. హెల్మెట్ కింద నుదుటి మీద బొట్టు సగమే కనిపిస్తోంది. మొదటి అర మైలు నా ఫొటోలో ఉన్నట్టే ఉంది. ఆవిడ అందరికంటే ముందుంది, నవ్వుతోంది కూడా.

అప్పుడు దారి రెండుగా చీలింది. అక్కడ ఒక కొయ్య పాతి ఉంది. ఎడమవైపు బాణం దగ్గర ఆకుపచ్చ సున్నా. కుడివైపు బాణం దగ్గర నల్ల డైమండ్.

ఆకుపచ్చ అంటే కొత్తవాళ్లకి, నల్ల డైమండ్ అంటే బాగా చేయి తిరిగినవాళ్లకి. ఇది నాకు తెలుసు. ఎక్కడో చదివి కాదు, మిగతా ఐదుగురికీ చలికాలంలో ఈ గుర్తుల పాఠం చెప్పబోయి, ఎవరూ వినకపోతే మొదట్లోనే ఆపేసిన మనిషిని నేనే. ఆవిడ సైకిల్ ఆపి, కాలు నేల మీద పెట్టి వెనక్కి తిరిగింది.

“అన్నా, ఈ నల్ల గుర్తు ఏంది?”

ఒక్క మాట చాలు. ‘అయ్యో, పొరపాటు రాశాను, ఎడమకి వెళ్దాం’ అంటే సరిపోయేది. కానీ ఆవిడ భర్త చేతిలో నా షీట్ ప్రింటు ఉంది. అందరూ నా ముఖమే చూస్తున్నారు.

“అది దారి గుర్తులే. కుడికే. పదండి” అన్నాను.

లోపలికి వెళ్లాక దారి రెండడుగుల వెడల్పుకి వచ్చేసింది. పైన్ చెట్ల వేర్లు మెట్లలా పైకి లేచి ఉన్నాయి. మధ్యమధ్య ఇసుక, ఎవరో కావాలని పోసిన ఎత్తయిన మట్టి దిబ్బలు. మొదటి దిబ్బ దగ్గరే నేను దిగి సైకిల్ నడిపించుకుంటూ వెళ్లాను, చైన్ జారిందని అబద్ధం చెప్పి. ఆవిడ మాత్రం తొక్కుకుంటూ వెళ్లిపోయింది. కాసేపటికి ముందు నుంచి కేక వినిపించింది.

నాలుగో దిబ్బ దిగేటప్పుడు పడింది. ఎడమ మణికట్టు విరిగింది. ఎమర్జెన్సీకి తీసుకెళ్తుంటే కార్‌లో చేతిని ఒళ్లో పెట్టుకుని, కళ్లనీళ్లతో, ఆవిడ నాతో అన్న మాట ఇది:

“ఏమనుకోకున్రి అన్నా. మీరు అంత దూరం పోయి చూసొచ్చిన్రు, ఈజీ అని రాసిన్రు. నాతోని కాలే. అందరి ట్రిప్ ఖరాబు చేసిన.”

నేను “ఫర్వాలేదమ్మా” అన్నాను. తప్పు చేసింది నేను, క్షమాపణ చెప్పింది ఆవిడ, ఫర్వాలేదన్నది నేను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ తర్వాత తలా ఒక వంటకం తెచ్చుకునే ఏ పాట్‌లక్‌కి కలిసినా అదొక జోక్ అయింది. ఎవరైనా వేడి గిన్నె జారవిడిస్తే చాలు, “పిల్లలు తొక్కే దారిలో చెయ్యి విరగ్గొట్టుకున్న రికార్డు మా ఇంట్లో ఉంది” అనేవాడు ఆవిడ భర్త. అందరూ నవ్వేవాళ్లు. ఆవిడా నవ్వేది. నేనూ నవ్వాను, ఒకసారి కాదు, మూడేళ్లు. ఆమె సైకిల్ మళ్లీ ముట్టుకోలేదని మా ఆవిడ చెప్తే వినిపించుకోనట్టు టీవీ సౌండ్ పెంచాను.

మూడేళ్ల తర్వాత ఆవిడ భర్తకి బెంటన్‌విల్ అనే దూరపు ఊళ్లో ప్రాజెక్ట్ వచ్చింది. సామాను సర్దడానికి సాయం వెళ్లాను. అప్పటికి వాళ్లు సొంత ఇంట్లో ఉన్నారు. గరాజ్‌లో ఆవిడా నేనూ అట్టపెట్టెలకి టేపు వేస్తున్నాం. నీలం సైకిల్ గోడకి వేలాడుతోంది, టైర్లలో గాలి లేదు.

“ఇది మీ బిడ్డకు తీసుకపోన్రి అన్నా” అంది. “మేం పోయే ఊర్ల మస్తు సైకిల్ దారులు ఉన్నయంట. ఏం లాభం? ఈజీదే తొక్కరాలే నాకు.”

టేపు నా చేతిలోనే ఉండిపోయింది. ఆ సైకిల్ నా కార్‌లో పెట్టుకుని మా ఇంటికి తీసుకెళ్లడం నా వల్ల కాదని తెలిసింది. ఆవిడ ముఖం చూడలేక, అట్టపెట్టె మీద రాసిన ‘వంటిల్లు’ అన్న మాటని చూస్తూ అంతా చెప్పాను. వాన, పులిహోర, ఫొటో, దించని సైకిల్. నల్ల డైమండ్ అంటే ఏమిటో ఆవిడ అడిగినప్పుడే నాకు తెలుసని కూడా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ గోడకి వేలాడుతున్న సైకిల్ వైపు చూసింది.

“అంటే అది ఈజీ కాదా?”

“కాదమ్మా. అక్కడ ఉన్నవాటిలో అన్నిటికంటే కష్టమైంది అదే.”

“నిజంగనా?”

“నిజం. నేనైతే మొదటి దిబ్బ దగ్గరే దిగిపోయాను. చైన్ జారడం అబద్ధం.”

ఆవిడ ముఖం విప్పారింది. టెన్నిస్ కోర్టు చుట్టూ తిరిగొచ్చిన రోజు కాఫీ కప్పు వెనక చూసిన ముఖం అదే. నన్నక్కడే వదిలేసి, ఇంట్లోకి తలుపు తీసి గట్టిగా కేకేసింది.

“ఏమయ్యా, ఇటు రా! అది ఈజీ కాదంట! నల్ల గుర్తు దారంట! నేను మూడు దిబ్బలు దాటిన కదా? మూడు దాటిన!”

ఆయన వచ్చేలోపు నా వైపు తిరిగింది. కోపం ఉందేమోనని వెతికాను, లేదు. నేను మూడేళ్లు దాచిపెట్టింది ఆవిడ సంతోషాన్నని అప్పుడు తెలిసి, తల ఎత్తలేకపోయాను.

“ఆ సైకిల్ దించున్రి అన్నా” అంది. “లారీల పెట్టాలె.”