చెరో ఎనిమిది ఉండలు

మా పెద్దమ్మ ఎవరి మాటా వినే రకం కాదు. ముప్పై రెండేళ్లు ఆసుపత్రి బట్టల గదిలో పని చేసింది. వార్డులకు దుప్పట్లు ఇవ్వడం, చిరిగినవి కుట్టించడం, మాసినవి తెచ్చి పడేసేవాళ్లను కడిగిపారేయడం ఆవిడ ఉద్యోగం. హెడ్ నర్సు కూడా ఆ గదిలోకి కాస్త ఆచితూచే వచ్చేది. ఎదురు కుర్చీలో కూర్చునే ఆవిడ ఒక్కతే పెద్దమ్మకు భయపడేది కాదు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్లు. నేను ఆవిడను కొక్కెం అత్త అనేదాన్ని.

పెద్దమ్మది రెండు సూదుల అల్లిక. అత్తది కొక్కెం ఉన్న ఒంటి సూది, క్రోషియా. మధ్యాహ్నం భోజనాలవగానే ఇద్దరూ సంచుల్లోంచి ఊలు తీసేవారు. బడి సెలవుల్లో నేను దుప్పట్ల దొంతర మీదెక్కి కూర్చుని వాళ్ల పోట్లాట వినేదాన్ని. నాకు అదే సినిమా.

"అది అల్లికా, చేపల వలా?" అనేది పెద్దమ్మ.

"వలే అనుకో. దాని కాళ్ల మీద అది నిలబడుతుంది. నీది చూడు, పిండిన గుడ్డలా ఎలా వేలాడుతోందో" అనేది అత్త.

"వేలాడదమ్మా, సాగుతుంది! ఒంటికి అతుక్కుంటుంది. నువ్వల్లిన స్వెటర్ వేసుకుంటే చేతులు వంగితేగా!"

పైకి ఎన్ని అన్నా, పెద్దమ్మ ప్రాణం ఎప్పుడూ గుప్పిట్లోనే ఉండేది. ఆవిడ అల్లికలో వరసలోని నూట ముప్పై కుట్లూ ఒకేసారి సూది మీద ఉంటాయి. సూది జారితే అంతే సంగతులు. అందుకే గంట కొట్టినా వరస పూర్తయ్యేదాకా లేచేది కాదు. గుమ్మంలో వార్డు ఆయా గొణుక్కుంటూ నిలబడాల్సిందే. అత్తకు ఆ బాధ లేదు. క్రోషియాలో తెరిచి ఉండేది ఒకే ఒక్క లూపు. గంట వినగానే సూది తీసేసి, జాకెట్టు మెడ దగ్గర పెట్టుకున్న పిన్నీసు తీసి ఆ లూపుకు పెట్టి లేచేది. రేపు మళ్లీ అల్లే ముక్కకే ఆ పిన్నీసు. ఇక వద్దనుకున్నదాన్ని కొస పట్టుకుని బర్రున లాగేసేది, నిమిషంలో అది మళ్లీ ఊలు ఉండ అయిపోయేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా హెడ్ నర్సు రిటైరవుతోందని ఇద్దరూ కలిసి ఒక రగ్గు మొదలుపెట్టారు. సగం సూదులతో, సగం కొక్కెంతో, మధ్యలో కలిపి కుట్టాలని. నీలం ఊలు పదహారు ఉండలు తెచ్చి చెరో ఎనిమిది పంచుకున్నారు. పెద్దమ్మ సగం పూర్తయ్యేసరికి ఆవిడ దగ్గర ఇంకాస్త ఊలు మిగిలింది. అత్త ముక్క మాత్రం మూడొంతుల్లో రెండొంతులైనా కాకముందే ఎనిమిది ఉండలూ అయిపోయాయి.

ఆ వేళ గదిలో ఇద్దరు నర్సులు, ఆయా, నేను ఉన్నాం. పెద్దమ్మ నవ్వుతూనే అంది. "చెరో ఎనిమిదేగా వదినా. మిగతా ఊలు ఏమైనట్టు? మీ మనవడికి టోపీ అయిందా ఏంటి?"

అత్తకు మనవడు పుట్టి నెలైంది. ఆయా కిసుక్కున నవ్వింది. అత్త గంట కొట్టకముందే ముక్క మడిచి సంచిలో పెట్టి, సంచి అలమరలో పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు సెలవు చీటీ వచ్చింది. నెల తిరక్కుండా వేరే ఊరి ఆసుపత్రికి బదిలీ చేయించుకుంది. హెడ్ నర్సుకు అందరూ కలిసి గోడ గడియారం ఇచ్చారు.

"తియ్యకపోతే తియ్యలేదని చెప్పొచ్చుగా, నోరు లేదా?" అని పెద్దమ్మ ఒక ఏడాదంతా రుసరుసలాడింది. తర్వాత ఆ మాట మానేసింది. మానేశాకే నాకు భయమేసింది. నవ్వొచ్చే సంగతి ఏదైనా జరిగితే "వదిన ఉంటేనా..." అని మొదలుపెట్టి, మింగేసి, వంటింట్లోకి వెళ్లిపోయేది. రిటైరైన రోజున తన సగాన్ని, అత్త సంచిని ఇంటికి తెచ్చి, ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి మూత పెట్టింది. సంచి మాత్రం విప్పలేదు.

అలా పదకొండేళ్లు గడిచాయి. ఈ మధ్య పెద్దమ్మ వేళ్ల కణుపులు వాచి రెండు సూదులు పట్టుకోవడం కష్టమైంది. ఊలు లేకపోతే ఆవిడ ఇంట్లో అందరినీ సాధిస్తుంది కాబట్టి, నేనే ఒక క్రోషియా సూది తెచ్చి, చిన్నప్పుడు అత్త నాకు నేర్పిన నాలుగు కుట్లూ నేర్పాను. "ఛీ, నాకెందుకీ వల" అంటూనే పట్టుకుంది. తను ఎప్పుడో రెండు సూదులతో, ఒకే ఉండతో అల్లిన కుర్చీ గుడ్డను పక్కన పెట్టుకుని, సరిగ్గా అంతే గుడ్డను ఇంకో ఉండతో అల్లడం మొదలుపెట్టింది. బోలెడు గుడ్డ మిగిలుండగానే ఊలు అయిపోయింది.

పెద్దమ్మ మంచం కింద వెతికింది. దిండు ఎత్తి చూసింది. "కొత్త ఉండే, ఇదేంటి?" అని నా వైపు తిరిగింది. "నువ్వేమైనా తీశావా?"

ఆ మాట అని ఆగిపోయింది. చేతిలో ముక్క వైపు చూసింది, పాత గుడ్డ వైపు చూసింది. క్రోషియా కుట్టు ఎత్తుగా, మందంగా ఉంటుంది, చుట్టు మీద చుట్టు. అది ఊలు తాగేస్తుంది. ఏళ్ల తరబడి ఎదురుగా కూర్చుని వెక్కిరించిన మనిషికి ఆ సంగతి తెలియలేదు. అత్తకు కూడా తెలిసి ఉండదు, ఆవిడ ఎప్పుడూ లెక్కపెట్టుకుని అల్లిన మనిషి కాదు.

పెద్దమ్మ లేచి ట్రంకు పెట్టె తెరిచింది. సంచిలోంచి నీలం ముక్క తీసి ఒళ్లో పరిచింది. చివరి వరసలో, ఆఖరి లూపుకు, తుప్పు పట్టిన పిన్నీసు ఉంది.

"రేపు అల్లుదామనే అనుకుందే" అంది పెద్దమ్మ. "అంత మాట పడి కూడా." అంతే, చిన్నపిల్లలా ఏడ్చింది. నేను ఆవిడ ఏడవడం చూడటం అదే మొదటిసారి.

ఆ రోజు నవ్విన ఆయా దగ్గరే నంబరు దొరికింది. ఫోన్ మోగుతున్నంతసేపూ పెద్దమ్మ నీలం ముక్కను ఒళ్లోనే పెట్టుకుంది. అవతల ఎత్తారు.

"వదినా, నేను. ఊలు నువ్వు తియ్యలేదు. కుట్టే తినేసింది. నేను అల్లి చూశాను."

 

"పిన్నీసు ఉందా?" అంది అత్త.

"ఉంది."

"తియ్యకు. నేనొచ్చి తీస్తాను."

అత్తకు మోకాళ్ల ఆపరేషన్ ఉంది, అది అయ్యి నడక వచ్చాక బయల్దేరతానంది. ఇప్పటికి నాలుగు నెలలు. పెద్దమ్మ నీలం ఊలు నాలుగు ఉండలు తెప్పించింది. రంగు సరిగ్గా కలవలేదు. వదిన తిడుతుందిలే అని మురిసిపోతూ వాటిని సంచిలో వేసి, ఎదురు కుర్చీలో పెట్టింది. ఆ కుర్చీలో ఇప్పుడు ఎవర్నీ కూర్చోనివ్వదు.

నిన్న నేను ఉండబట్టలేక అన్నాను. "ఆవిడెప్పుడొస్తుందో ఏమో. నీకిప్పుడు క్రోషియా బాగానే వచ్చుగా పెద్దమ్మా, నువ్వే పూర్తి చెయ్యరాదూ?"

"నోర్ముయ్" అంది. తర్వాత లేచి వెళ్లి, సంచిని కుర్చీలో కాస్త ముందుకు జరిపింది, గుమ్మంలోంచి చూస్తే కనపడేట్టు.