ఒకే పేరున్న రెండు వరుసలు

మా తాత ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టేవాడు. గుమాస్తాను అంతగా నమ్మాడు. కారేపల్లి వైపు మాకున్న భూమంతా అట్లాగే చేయి జారిందని ఇంట్లో చెప్పుకునేవారు. నాకు మిగిలినవి ఇంటిపేరు, నలగని చొక్కా, ఎవరినీ నమ్మని బుద్ధి. డేటాబేస్ పనికి ఆ బుద్ధే అక్కరకొచ్చింది. ఎవరు పంపిన ఫైలునైనా నేరుగా అసలు పట్టికలోకి ఎక్కించను. ముందు పక్కన ఒక తాత్కాలిక పట్టికలోకి దించి, ఖాళీలనూ తప్పుడు తేదీలనూ రెండుసార్లు వచ్చిన మనుషులనూ అక్కడే పట్టుకుంటాను.

ఖమ్మంలోని మా చిన్న కంపెనీకి అడవి అంచు దవాఖానాల రోగుల వివరాలను ఒకచోట చేర్చే పని వచ్చింది. ఏన్కూరు అవతలి ఒక పల్లె నుంచి ఒకే ఆడపిల్ల పేరుతో రెండు వరుసలు వచ్చాయి. ఇంటిపేరు, తండ్రి, ఊరు అన్నీ ఒకటే. వయసు కొంచెం తేడా. రక్తం గ్రూపు మాత్రం ఒకదాంట్లో బి పాజిటివ్, ఇంకోదాంట్లో ఓ పాజిటివ్. పాత వరుస కింద సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు, ఎక్కించిన రక్తం, నెలనెలా మాత్రలు ఉన్నాయి. కొత్త వరుస కింద బడిలో చేసిన రక్తపరీక్ష ఒక్కటే.

"డూప్లికేటే అది. కొత్తది ఉంచి పాతది తీసెయ్, జల్దీ," అన్నాడు మేనేజర్.

"ఒక మనిషికి రెండు రక్తాలుంటాయా?"

"నర్సు తప్పు కొట్టి ఉంటది. నీకు అందరూ దొంగల్లెక్కనే కనపడ్తరు."

కనపడతారు. పేషెంట్ల సంఖ్య పెంచి చూపడానికి లేని మనిషిని నర్సే పుట్టించిందని నా అనుమానం. కానీ ఆ రెండు వరుసల్లో ఏది లేని మనిషిదో తేలాలి. తేలకుండా పాత వరుస తీసేస్తే, దాన్ని పట్టుకుని ఉన్న మాత్రలు కూడా పోతాయి. మర్నాడు బస్సెక్కాను.

అక్కడి దవాఖానాలో నర్సు నా అనుమానం విని నవ్వింది. "లేని మనిషిని చూపిస్త, రండి సార్," అని స్కూటీ ఎక్కించుకుంది. అంత ధీమాగా నవ్వేవాళ్ళను నేను ఇంకా ఎక్కువ అనుమానిస్తాను.

ఆ పేరున్న పిల్ల ఇంటి ముందు ఇద్దరు ఆడపిల్లలున్నారు. ఒకామె మిరపకాయల తొడిమలు తీస్తోంది. రెండో ఆమె కీళ్ళ నొప్పితో మంచం మీద ముడుచుకుని ఉంది.

"మొక్కు మీద ఇద్దరికీ అమ్మవారి పేరే పెట్టినం," అంది తల్లి. "పెద్దది, చిన్నది అని పిలుస్తం."

ఆ పిలుపు ఇంట్లోనే ఆగిపోయింది, కాగితం మీదికి రాలేదు. జబ్బు చిన్నదానిది, బడి పరీక్ష పెద్దదానిది అన్నారు. నేను అప్పుడూ నమ్మలేదు. ఆధార్ కార్డులు చూపించమన్నాను.

"ఎవరమ్మా ఈయన?" అంది తల్లి నర్సుతో. నర్సు అమాయకంగా మా ఇంటిపేరు చెప్పింది.

"కారేపల్లి దిక్కోళ్ళా? మా మామతోటి భూమి కాగితాల మీద ఏలిముద్ర ఏయించుకున్న ఇల్లే గదా! ఇప్పుడు పిల్లల పేర్లకొచ్చినవా?"

ఆ ఏకవచనం నాకు మింగుడు పడలేదు. "మా తాత అట్లాంటివారు కాదు," అన్నాను.

"నువ్వు చూసినవా?"

చూడలేదు. మేం పోగొట్టుకున్న సంతకాల కథే ఇంట్లో విన్నాను. మేం వేయించుకున్న ముద్రల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆమె మాటను ఒప్పుకోకుండానే మళ్ళీ కార్డులు అడిగాను; ఆధార్‌కు బదులు ఆమె దవాఖానా ఇచ్చిన కార్డులు తీసింది.

అవి ఇద్దరికీ వేరువేరుగా ఉన్నాయి, నంబర్లూ వేరే. మనిషిని పేరుతో కాకుండా ఆ నంబరుతో గుర్తుపట్టేలా మారిస్తే చాలు. కార్డులు నా చేతికిమ్మంటే ఆమె ఇవ్వలేదు. తన గుప్పిట్లోనే ఉంచి, నర్సుకు చూపించి చదివించింది. నేను గడప బయట నిలబడి, ఫోన్ నెట్‌తో లాప్‌టాప్ కలిపి, రెండు నంబర్లూ ఎక్కించాను.

"అయిపోయిందా?" అంది.

"ఇంకా లేదమ్మా. కమిట్ అని కొట్టిందాకా ఇది నిలవదు. తప్పనిపిస్తే మొత్తం వెనక్కి తీసుకోవచ్చు."

"చిన్నదాన్ని తీసేస్తివా ఏంది?"

"లేదు."

"నీ నోటితోని కాదు. పెద్దదాన్ని సదవనీ."

మిరపకాయల చేతులు తుడుచుకుని పెద్దపిల్ల వచ్చింది. తెర మీద వేలు పెట్టి తన వరుస చదివింది, తర్వాత చెల్లెలిది. గ్రూపు, జబ్బు, మాత్రల పేరు ఒక్కొక్కటే చదివి, "రెండూ ఉన్నయే," అంది.

తల్లి నా వైపు తిరిగింది.

"ఇగ కొట్టు."

కొట్టాను. మూసి మళ్ళీ తెరవమంది. తెరిచాను. పెద్దపిల్ల మళ్ళీ చదివింది.

"వచ్చే నెల మాత్రలు ఇంటికొచ్చినంక చూద్దాం," అంది ఆమె, కార్డులు కొంగున ముడేసుకుంటూ. నమ్మమని నేను అడగలేదు. లాప్‌టాప్ మూసి, చొక్కా సర్దుకుని స్కూటీ వైపు నడిచాను.