ముళ్ళ డబ్బా మా గంగారాం బావ

మా గంగారాం బావ దివంగతుడైన వార్త నాకు పెద్దపల్లిలో తెలిసింది. అప్పుడు నేను మా బిడ్డ ఇంట్లో ఉన్నాను. పక్కింటి వాళ్ళ ఫోనుకు కబురొచ్చింది. నాకు ఏడుపు రాలేదు. "ఎవలు చెప్పిండ్రు? వాళ్ళు కండ్లార సూసిండ్రా?" అని అడిగాను. మా బిడ్డ నన్ను వింతగా చూసింది. ఏం చేయను? ఇన్నేళ్ళు ఆ మనిషి ఉన్న ఇంట్లో బతికినదాన్ని. "నీళ్ళల్ల ముంచి సూడంది ఏదీ నమ్మద్దు" అన్నది ఆయన నిత్యం అనే మాట. బస్సులో కూర్చున్నంతసేపూ ఆ కబురులో ఎక్కడో ఏదో పొరపాటు ఉండకపోతుందా అని వెతుకుతూనే ఉన్నాను. ఇచ్చోడలో దిగేసరికి అంగడి రోజు. మనుషులు, మేకలు, సైకిళ్ళు కిక్కిరిసి ఉన్నాయి. బస్టాండు పక్కన ఆయన రేకుల దుకాణం మాత్రం మూసి ఉంది. అంగడి నాడు మా బావ దుకాణం మూయగా నేనెన్నడూ చూడలేదు. అప్పుడు నమ్మాను. ఆ మూసిన తలుపు ముందే కూలబడ్డాను.

గంగారాం బావ నా పెనిమిటికి అన్న. ఆయన భార్య లసుంబాయి నాకు యారాలు, అంటే తోటికోడలు. నోరారా అక్కా అని పిలుస్తాను. అందరం ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకొని తిన్నవాళ్ళం. బావ మొదట్లో సైకిళ్ళకు, పోనుపోను మోపెడ్లకు, స్కూటర్లకు పంచర్లు వేశాడు. నేను పెద్దగా చదువుకోలేదు. ఇటువంటి వ్యాసం రాయవలసినవాళ్ళు పెద్దవాళ్ళు. కానీ ఆ మహనీయుణ్ణి ఈ ఊరు ఎంత కాలం ఎంత అనుమానించిందో, ఆయన ఆ అనుమానాన్ని ఎట్లా మోశాడో ఇంటి మనిషిని కాబట్టి నాకు తెలుసు.

అసలు అనుమానం అన్నది ఆయన వృత్తిధర్మం. ట్యూబులో గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి, కొంచెం కొంచెంగా తిప్పుతూ బుడగ ఎక్కడ లేస్తుందోనని చూసేవాడు. బుడగ లేచింది కదా అని తృప్తిపడేవాడు కాదు. "ఒకటి దొరికిందంటే ఇంకోటి నవ్వుకుంట దాక్కున్నదన్నట్టు" అని మిగతా ట్యూబంతా తిప్పేవాడు. ఆ తర్వాత టైరు లోపల చేయి పెట్టి గుండ్రంగా తడిమేవాడు. గుచ్చిన ముల్లు లోపలే ఉండిపోతే, ఎన్ని అతుకులు వేసినా వృథా. అట్లా తడిమీ తడిమీ ఆయన వేళ్ళ కొసలకు గీతలు పడని రోజు లేదు. అన్నం కలుపుకునేటప్పుడు కారం తగిలి చురుక్కుమంటే అక్క మీద అరిచేవాడు, కారం ఎక్కువైందని.

ఒకసారి భైంసాలో పిల్లను చూడబోతున్న పెండ్లికొడుకు ఒకడు దారిలో బండి పంచరై, ఇస్త్రీ బట్టలతో చెమటలు కక్కుతూ దుకాణం ముందు నిలబడ్డాడు. నేను బావకు సద్ది తీసుకుపోయి అక్కడే ఉన్నాను.

"జర జల్ది కానీ కాకా! అతుకేసినవ్ గద, ఇంకేం తడుముతున్నవ్?"

"ముల్లు దొరకలే."

"పడిపోయి ఉంటది తియ్యి."

"పడిపోంగ సూసినవా?"

"లేదు."

"మరి ఎట్ల నమ్మాలె? పిల్ల యాడికి పోతది కొడుకా, ఆడనే ఉంటది. ముల్లు గూడ గీడనే ఉంటది. ముందు దీన్ని సూడనీ."

చివరకు ముల్లు దొరికింది, నువ్వుగింజంత. దాన్ని వాడి అరచేతిలో పెట్టి చూపించి గానీ టైరు ఎక్కించలేదు.

రిపేరు కంటే ముందుజాగ్రత్త గొప్పదని ఆయన నమ్మకం. అడిగినా అడగకపోయినా చెప్పేవాడు. పాత ట్యూబును చీల్చి టైరుకూ కొత్త ట్యూబుకూ నడుమ పట్టీలాగా పరవమనేవాడు. రిమ్ములోకి పొడుచుకొచ్చిన స్పోకు పుల్లల కొసల మీద గుడ్డ చుట్టమనేవాడు. గాలి తక్కువగా పెట్టుకొని రాళ్ళ మీద ఎక్కించేవాళ్ళను తిట్టేవాడు. పక్కపక్కన రెండు బొక్కలు కనబడితే, "గిది ముల్లు కాదు, నీ ఆలసం. గాలి లేక రిమ్ము కొరికింది" అనేవాడు. ఒక బొక్కను చూసి తప్పు రోడ్డుదా, మనిషిదా అని తేల్చేవాడు. మనిషిదే అయ్యుంటుందని ముందుగా అనుకునేవాడు.

ఆయనకొక అలవాటు ఉండేది. ఆ అలవాటే మా కొంప మీదికి తెచ్చింది. టైర్లలోంచి తీసిన ముళ్ళను, మొలలను, అంటే మేకులను, బయట పారేసేవాడు కాదు. మూత ఉన్న పాత నూనె డబ్బాలో వేసేవాడు. "పారేస్తే మళ్ళ రోడ్డెక్కుతది. రోడ్డెక్కితే మళ్ళ ఎవ్వనికో దిగుతది" అని. ఆ డబ్బా దుకాణంలో పీట కింద ఉండేది.

ఇదిట్లా ఉండగా, ఒక పత్తికాలంలో బావ తెల్లవారకముందే ఎటో పోవడం మొదలుపెట్టాడు. అక్కకు అనుమానం వచ్చింది. "చెల్లె, గీ వయసుల గీనెకు పొద్దుగాల పొద్దుగాల ఏం పనే? ఎవతె ఉన్నదో ఏమో. జర సూసి రారాదు" అని నన్ను తోలింది. నవ్వొచ్చింది గానీ బిందె చంకన పెట్టుకొని వెంట పోయాను. మసక వెలుతురు. పెద్దరోడ్డు మీద బావ ఒక్కడే. నాలుగడుగులు నడుస్తాడు, అటూ ఇటూ చూస్తాడు, వంగుతాడు, మళ్ళీ నడుస్తాడు. ఎవతె లేదు. కానీ నా మనసు అంతకంటే పాడైపోయింది. దూరం నుంచి చూస్తే, వంగినవాడు నేల మీద ఏమైనా వేస్తున్నాడా, తీస్తున్నాడా? పంచర్లు వేసి బతికే మనిషి రోడ్డు మీద ఎందుకు వంగుతాడు? అక్కతో "ఎవ్వతె లేదక్కా, ఉత్తగ నడుస్తుండు" అన్నాను. వంగిన సంగతి మింగేశాను.

నేను చూసింది ఇంకెవరో కూడా చూశారు. విఠల్ పటేల్ అని మా దగ్గర పెద్ద రైతు. పత్తి బండ్లు, ఎడ్ల జతలు, కొత్త స్కూటరు ఉన్నవాడు. ఆ స్కూటరు ఆ కాలంలో ఊరికే పంచరయ్యేది. అంగడి నాడు పంచాయతీ ఆఫీసు అరుగు మీద బావను పిలిపించాడు. మేమిద్దరం ఆడవాళ్ళం ఓ పక్కన నిలబడ్డాం.

"ఏం రా గంగారాం, పొద్దుగాల రోడ్డు మీద ఏం సల్లుతున్నవ్?"

"ఏం సల్లుతలేను పటేలా. ఏరుతున్న."

"ముళ్ళు ఏరితే నీ దుకాణం ఎట్ల నడుస్తది రా? ఎవ్వనికి చెప్తున్నవ్?" అన్నాడు పటేల్. జనం నవ్వారు.

ఎవరో పోయి పీట కింది డబ్బా తెచ్చి మూత తీశారు. నిండా మొలలు, ముళ్ళు. "సూసిండ్రా! ఇత్తనాల డబ్బ దొరికింది!" అని ఒకటే కేక. ఆయన నిజాయితీగా దాచిందే ఆయన మీద సాక్ష్యమై కూర్చుంది. వచ్చే అంగడికల్లా బస్టాండు కాడ దుకాణం లేపేయాలని పెద్దలు తీర్పు చెప్పారు. ఆ దుకాణం పోతే మా ఇంట్లో పొయ్యి లేదు.

ఇంటికొచ్చాక అక్క ఏడ్చింది. "గట్ల మొద్దులెక్క నిలవడ్డవేంది? నేను సల్లలే అని గట్టిగ ఒర్రరాదు?" అన్నది.

"ఒర్రితే నమ్ముతరా? వాళ్ళ జాగల నేనుంటే, నేనైతే నమ్మను" అన్నాడు బావ.

ఆ మాటకు అక్క కండ్లు తుడుచుకున్నది. ఆమెకూ నమ్మకం కుదరలేదని ఆమె మొఖమే చెప్తున్నది. డబ్బా తెచ్చి చాటలో గుమ్మరించింది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఇద్దరం కూర్చొని ఏరాం. తుమ్మముళ్ళు ఒక దిక్కు. చేన్ల చుట్టూ కంప కట్టేటందుకు బండ్ల మీద ఈడ్చుకుపోతుంటే రాలినవి. తీగముక్కలు ఒక దిక్కు. మొలలు ఒక దిక్కు. ఆ మొలలు చేతిలోకి తీసుకోగానే నా చేయి ఆగింది. పొట్టివి, పలకగా ఉన్నవి, లావు తలకాయలు. మా బాపు ఎడ్ల గిట్టలకు నాడాలు, అదే లాడాలు, కొట్టించేటప్పుడు మొలల గిన్నె పట్టుకొని నిలబడ్డదాన్ని. వీటిని నేను మరువను.

"అక్కా, గివి ఎడ్ల నాడా మొలలు. తలకాయలు సూడు, అరిగిపోయినయ్. దుకాణంల కొని సల్లితే తల కొత్తగుండాలె. గివి ఎద్దు కాలి కింద నడిచి నడిచి, అరిగి, ఊడినయ్."

అక్క చాట చంకన పెట్టుకొని లేచింది. తిన్నగా పటేల్ ఇంటికి పోయాం. వాకిట్లో పత్తి దింపిన బండి, ఎడ్లు ఉన్నాయి. పటేల్ చాయ తాగుతున్నాడు.

"ఏంది లసుంబాయి, చాటతోని అచ్చినవ్?"

"పటేలా, గీ మొలలు ఎవ్వలియో నీ ఎద్దునే అడుగుదామని అచ్చిన. జర దాని కాలు లేపియ్యి."

పటేల్ కోపంగా చూశాడు. కానీ ఆడమనిషి వాకిట్లో నిలబడి అడిగితే కాదంటే, దాస్తున్నాడన్న అనుమానం ఆయన మీదికే వస్తుంది. జీతగానికి సైగ చేశాడు. జీతగాడు ఎద్దు కాలు మడిచి పట్టుకున్నాడు. నాడా సగం ఊడి వేలాడుతున్నది. మొలలు లేని బొక్కలు కనబడుతున్నాయి. అక్క చాటలోంచి ఒక మొల తీసి బొక్కలో పెట్టింది. మొల సరిగ్గా కూర్చున్నది.

పటేల్ వంగి ఆ మొలను వేలితో కదిపి చూశాడు. తర్వాత, "మొల నా ఎద్దుదే. ఒప్పుకున్న. గాని ఏరినోడు దాన్నే మళ్ళ సల్లలేదని ఎట్ల నమ్మాలె?" అన్నాడు.

మా వెనక నుంచి, "పటేల్ అన్నది నిజమే" అన్న మాట వినిపించింది. చూస్తే బావ! మేమేం చేస్తామోనని అనుమానపడి వెంట వచ్చాడు.

"నీ నోట్లె మన్ను వడ! నువ్వు ఎవ్వలి దిక్కు?" అన్నది అక్క.

బావ ఆమెను పట్టించుకోలేదు. "పటేలా, ఎవ్వల మాటా నమ్మకు. పొద్దుగాల నా ఎంబడి రా. వంగినప్పుడల్ల చేయి ఇప్పమను. నీ కండ్లతోని నువ్వే సూడు" అన్నాడు.

పటేల్ నిజంగానే వచ్చాడు. మరునాడు తెల్లవారుజామున శాలువా కప్పుకొని రోడ్డు మీద నిలబడ్డాడు. బావ ముందు, పటేల్ వెనక. బావ వంగి లేస్తే "చేయి ఇప్పు" అనేవాడు. బావ అరచేయి విప్పేవాడు. అందులో మొలో ముల్లో ఉండేది. "ఊఁ" అని పటేల్ మళ్ళీ నడిచేవాడు. అంగడి వచ్చింది. దుకాణం లేపే మాట ఆగింది. తప్పయిందని ఎవరూ అనలేదు, తీర్పు రద్దు చేశామనీ అనలేదు. ఇంకా తేలలేదని పటేల్ అన్నాడు, అంతే.

అది ఎన్నటికీ తేలలేదు. పత్తికాలం పోయింది, మళ్ళీ వచ్చింది. పటేల్ రావడం మానలేదు. బావ పోరు పడలేక పటేల్ తన జీతగాళ్ళకు, బండ్లు కట్టేముందు ఎడ్ల కాళ్ళు చూపించి ఊడబోయే మొలలు బిగించడం నేర్పించాడు. అయినా అనుమానం అనుమానమే. "నేను రాని నాడు సల్లుతడేమో" అని జ్వరంతో కూడా వచ్చిన రోజులున్నాయి. ఆయన రాని రోజు బావ, "పటేల్ ఇంట్ల ఉండి ఏం చేస్తుండో" అని అంతకు తక్కువ కాని అనుమానంతో ఇంటికొచ్చేవాడు. కొన్నాళ్ళకు పటేల్ పాత మైకు పెట్టెలోని అయస్కాంతం ఊడదీసి కర్రకు కట్టుకొచ్చాడు. "నీ వంగుడు సూడలేక సస్తున్న" అన్నాడు. ఇద్దరూ స్నేహితులని ఎవరైనా అంటే ఇద్దరికీ కోపం వచ్చేది.

నేనొకసారి అడిగాను. "బావా, ముళ్ళన్ని నువ్వే ఏరేస్తే దుకాణానికి ఎవ్వలస్తరు? ఎందుకు నీకిది?"

"గాలి పోయిన బండి తోల్కొని నడిచొస్తడు సూడు, వాడు ఏ పని మీద బయలెల్లిండో మనకెర్కనా? దవాఖానకు పోతుండో, కోర్టుకు పోతుండో. నా దుకాణం దాక నడిచేసరికి వాని పని చెడిపోతే?" అన్నాడు. ఆ జవాబు నేను పూర్తిగా నమ్మలేదు. దాని వెనక ఇంకేదో ఉండే ఉంటుంది. ఆయన చెప్పలేదు, నేను తవ్వలేదు.

అంత్యక్రియలు అయ్యాయి. ఒకనాడు విఠల్ పటేల్ మా వాకిట్లోకి వచ్చాడు. ముసలివాడైపోయాడు. చేతిలో ఆ అయస్కాంతం కర్ర ఉంది. దాన్ని గోడకు ఆనించాడు. తర్వాత, "లసుంబాయీ, గా డబ్బ నాకిస్తవా? రోడ్డు మీద మొలలు అట్లనే ఉన్నయ్" అన్నాడు.

అక్క లోపలికి పోయి డబ్బా తెచ్చింది. కానీ చేతికివ్వలేదు.

"నువ్వు ఏరుతున్నవో, సల్లుతున్నవో ఎవ్వలు సూడాలె పటేలా?"

పటేల్ డబ్బా కోసం చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. 

"నేనే అస్త" అన్నది అక్క.

ఇటువంటి మనిషి మళ్ళీ పుట్టడని అందరి విషయంలోనూ అంటారు. నేను ఆ మాట కూడా ఊరికే నమ్మేదాన్ని కాను. కానీ మొన్న పెద్దపల్లికి తిరిగిపోదామని తెల్లవారుజామున మొదటి బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. మసక వెలుతురులో మైలురాయి దాటి ఇద్దరు ముసలివాళ్ళు పోతున్నారు. ముందు పటేల్, వెనక డబ్బా పట్టుకొని అక్క. వాళ్ళిద్దరి ముందు, రోజూ నడిచే మనిషి జాగా ఖాళీగా ఉంది. పటేల్ వంగి లేచాడు. అక్క గొంతు నాదాకా వినబడింది.

"చేయి ఇప్పు."

పటేల్ చేయి విప్పాడు.